బోరు లేని తోట

నూజివీడు చరిత్ర రాసిన పెద్దలు కోట దగ్గర మొదలుపెట్టి, జమీందారుల వంశాల మీదుగా నడిచొచ్చి, మామిడిపండు దగ్గర ఆగిపోతారు. అక్కడికొచ్చాక ఎవరైనా ఆగిపోతారు కాబట్టి వాళ్లను తప్పుపట్టలేం. అయితే ఆ తీపిలో పడి వాళ్లు ఒక ముఖ్యమైన ఘట్టాన్ని వదిలేశారు. అది పెయింటర్ పాల్ రాజు రోడ్డు దాటడం.

ఆ ఘట్టానికి ఆది 1985. అప్పటికి పాల్ రాజుకి పదిహేడేళ్లు. గురువు చిన్నరాయప్ప ఒక ఎరువుల కొట్టు బోర్డు రాయమని శిష్యుణ్ణి మొదటిసారి నిచ్చెన ఎక్కించాడు. శిష్యుడు రాశాడు. ఏ అక్షరానికా అక్షరం ముద్దుగానే ఉంది. కాకపోతే ఎడమ చివర మొదలైన వరస కుడి చివరకొచ్చేసరికి జానెడు కిందకి జారింది. చిన్నరాయప్ప తిట్టలేదు. "ఎదరకెళ్లి చూసి రారా," అన్నాడంతే. పాల్ రాజు రోడ్డు దాటి, ఎదుటి అరుగు మీద నిలబడి, తల కాస్త ఎడమకి వాల్చి, కుడికన్ను మూసి చూశాడు. సిగ్గుపడ్డాడు. తిరిగొచ్చి చెరిపేశాడు. ఆనాటి నుంచి, రాసింది బోర్డయినా గోడయినా నంబరు ప్లేటయినా, రోడ్డు దాటి ఎదర నుంచి చూస్తేగాని అతనికి పని అయినట్టు కాదు.

చరిత్ర అన్నాక యుగాలుండాలి. తొలి యుగంలో రోడ్డు మీద సైకిళ్లు, ఎడ్లబళ్లు ఉండేవి. చూసుకోకుండా దాటినా అవే ఆగేవి. మధ్యయుగంలో హనుమాన్ జంక్షన్ వైపు కాయల లారీలు పరిగెత్తడం మొదలైంది. ఆ రోజుల్లోనే ఒకసారి మైలవరం బస్సు అతని కోసం సడన్ బ్రేకు కొట్టి ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, తిట్టబోయి, బోర్డు చూసి, "ఆ రెండో లైను ఇంకాస్త లావుంటే బాగుండేది," అని చెప్పి మరీ వెళ్లాడు. ఆధునిక యుగంలో రోడ్డు మధ్య డివైడరు కట్టారు. దాంతో ఒక్క చూపు చూడాలంటే సందు దాకా నడిచి, అటు తిరిగి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. యాభై ఏడేళ్ల మోకాళ్లకి చూపుకి రెండు వందల అడుగులు. అయినా దాటేవాడు. ఈమధ్య మాత్రం అటువైపు చేరాక, దేనికొచ్చానా అన్నట్టు ఓ నిమిషం ఊరికే నిలబడుతున్నాడు.

చూడ్డానికి పెద్దగా మిగిలింది కూడా లేదు. ఊళ్లోకి ఫ్లెక్సీ వచ్చి పదిహేనేళ్లు దాటింది. పాల్ రాజు రెండు రోజులు రాసే బోర్డుని మిషను రెండు నిమిషాల్లో దించుతుంది, పైగా యజమాని ఫొటో వేసి మరీ దించుతుంది. ఇక అతనికి మిగిలినవి నంబరు ప్లేట్లు, ట్రాక్టరు ట్రక్కుల వెనక పిల్లల పేర్లు, నవంబరు రెండో తేదీన వచ్చే సమాధుల పండగ. పండగకి ముందు పది రోజులు శ్మశానంలో కూర్చుని, వెలిసిపోయిన పేర్లన్నీ నల్లరంగుతో మళ్లీ దిద్దుతాడు. నమ్మకమైన ఖాతాదారులు. చనిపోయినవాళ్లు ఇంకా ఫ్లెక్సీకి మారలేదు.

"వాళ్లకి తొందరేముంది," అంటుంది అతని భార్య గ్లోరీ. ఆవిడ మిషన్ స్కూల్లో రెండో తరగతి టీచరు. ఇంట్లో జీతమన్న మాటకి అర్థం తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

ఇలా ఉండగా రెండేళ్ల కిందట ఊరికి కళ వచ్చింది.

తెచ్చింది మేఘన. విశాఖపట్నంలో బొమ్మల చదువు చదివి, తిరిగొచ్చి, ఇక్కడే ఒక స్కూల్లో డ్రాయింగు చెబుతున్న అమ్మాయి. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా "చిత్రాల నడక" అని ప్రకటించింది. ఊళ్లో బొమ్మలు వేసేవాళ్లంతా తమ బొమ్మలు తెచ్చి ఒక పొడుగాటి గోడకి తగిలిస్తారు, జనం నడుస్తూ చూస్తారు. ఆ గోడ వాళ్ల పెదనాన్న లక్ష్మీనారాయణ గారి మామిడికాయల గోడౌనుది. కాయలు దిగే మూడు నెలలూ గోడ వ్యాపారానిది, కళకి సెలవు. మిగతా తొమ్మిది నెలలు కళది.

నడక అంటే ఏంటో ఊరికి మొదట అర్థం కాలేదు. మొదటి నెల బూట్లు వేసుకుని షుగరున్నవాళ్లు వచ్చారు. గోడ వెంట పది రౌండ్లు చకచకా నడిచి, చెమట తుడుచుకుని, లైట్లు బాగున్నాయని మెచ్చుకుని వెళ్లారు. రెండో నెలకి పిల్లల తల్లులొచ్చారు. మూడో నెలకి పానీపూరీ బండి వచ్చింది. ఒక సంస్కృతి నిలదొక్కుకుందనడానికి మన దగ్గర అంతకంటే రుజువు లేదు.

పాల్ రాజుని మేఘనే వెతుక్కుంటూ వెళ్లి పిలిచింది. "ఊళ్లో అందరికంటే ముందు నుంచి బ్రష్షు పట్టింది మీరే కదా అంకుల్," అంది. నలభై ఏళ్లలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. ఆ రాత్రి అన్నం తింటూ మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. తర్వాత హార్డుబోర్డు ముక్కలు కొన్నాడు, ఇంట్లో మిగిలిన ఎనామిల్ డబ్బాలు మూతలు తీశాడు, ఊరికి తగిన కళావస్తువేదని ఆలోచించి, మామిడిపళ్లు వేశాడు.

అక్కడే దెబ్బతిన్నాడు. ఇంకో ఊళ్లో అయితే మామిడిపండు బొమ్మ చూసి బొమ్మ బాగుందంటారు, బాగోలేదంటారు. నూజివీడులో పండుని చూస్తారు.

"ఇదేం పండండీ?"

"చిన్న రసమండి."

"కాదండీ. చిన్న రసానికి ఇంత భుజం ఎక్కడుంటుంది?"

"పెద్ద రసంలా ఉంది."

"పెద్ద రసం కాదు, ఏదీ కాదు. ఇంకా వారం మాగాలిది."

ఒకాయనైతే బొటనవేలితో నొక్కి కూడా చూశాడు. పదహారు నడకలు ఇలాగే నడిచాయి. ప్రతి నెలా పాల్ రాజు నాలుగు బొమ్మలు మోపెడ్ మీద కట్టుకుని తెచ్చేవాడు, నాలుగూ కట్టుకుని తీసుకుపోయేవాడు. అతని పక్కన మేకులు ఇన్నమ్మవి. రిటైరైన నర్సు. మామిడి టెంకలు కడిగి, ఎండబెట్టి, పీచు దువ్వి, వాటి మీద మరియమ్మని, చిలకల్ని, మీసాలున్న ముసలాళ్లని వేస్తుంది. అవి పల్లీల్లా పోతాయి. మేఘన విశాఖలో చూసి నేర్చుకున్న పద్ధతి ప్రకారం, అమ్ముడైన బొమ్మ పక్కన అంటించడానికి గుండ్రటి ఎర్ర స్టిక్కర్లు ఒక షీటు కొని పెట్టుకుంది. అయితే టెంకల్ని కొన్నవాళ్లు అక్కడికక్కడే సంచీలో వేసుకుపోతారు కనుక వాటికి స్టిక్కరుతో పనిపడలేదు. గోడ మీద బొమ్మలకీ పడలేదు. షీటు అలాగే ఉండిపోయింది.

పదహారో నడక నుంచి తిరిగొచ్చిన రోజున పాల్ రాజు బొమ్మలు దించి, మోపెడ్ స్టాండు వేసి, దాని మీదే కూర్చుండిపోయాడు.

"మార్చి దాకా చూస్తానే," అన్నాడు భార్యతో. "ఆ తర్వాత ఎట్టాగూ సీజను. అప్పటికి ఒక్క బొమ్మ, ఒక్కటంటే ఒక్కటి ఎవరైనా తీసుకెళ్తే సరే. లేకపోతే ఇంక మోయను. భుజాలు పడిపోతున్నాయి."

"మొయ్యమని ఎవరన్నారు?" అంది గ్లోరీ. తర్వాత ఆ ముఖం చూసి, "మార్చి దాకా చూడండి," అంది.

అతనిది పంతం కాదు. అందరిలాగే అతనికీ ఒకటి తేలాల్సి ఉంది. తాను బొమ్మలు వేసే మనిషా, లేక బోర్డులు పోయాక ఏం చేయాలో తోచని మనిషా అన్నది.

ఈసారి పండ్ల జోలికి పోలేదు. బావమరిది బాలశౌరికి ఆగిరిపల్లి దగ్గర మామిడితోట ఉంది. జనవరిలో తోట పూతకొచ్చింది. పాల్ రాజు వరసగా ఆరు ఆదివారాలు, ఆరాధన అయ్యాక, మోపెడ్ మీద వెళ్లి గట్టు మీద కూర్చుని ఆ పూతని వేశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. "పేరు లావుగా రాయి" అనలేదు, "ఫోన్ నంబరు పెట్టు" అనలేదు. కనిపించిన చెట్లు ఇరవై మూడు; ఇరవై మూడూ వేశాడు. బంగారంలో బూడిద కలిపినట్టుండే పూత రంగు దొరకబుచ్చుకోడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఎదురుగా బోరు, దాని పక్కన ఆకుపచ్చ రేకుల మోటారు షెడ్డు ఉన్నాయి. అవి అడ్డంగా ఉన్నాయని వదిలేశాడు. నలభై ఏళ్ల వృత్తిలో అతను సొంత ఇష్టం మీద తీసేసిన మొదటి వస్తువు అదే.

జనవరి నడక మానేసి, ఫిబ్రవరి నడకకి ఆ ఒక్క బొమ్మే తెచ్చాడు. తగిలించి, రోడ్డు దాటి, గ్లోరీ పక్కన నిలబడ్డాడు.

లక్ష్మీనారాయణ గారు నడకకి వచ్చేది కరెంటు సంగతి చూసుకోడానికి. చేతులు వెనక్కి కట్టుకుని, గోడ వెంట ఒకసారి నడిచి, వెలుగుతున్న బల్బులు ఎన్నో చూసుకుని, నిట్టూర్చి వెళ్తారు. ఆ సాయంత్రం ఆయన పాల్ రాజు బొమ్మ దగ్గర ఆగారు. ఒక నిమిషం అయింది. రెండయింది. కళ్లజోడు తీసి, పంచె అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఐదు నిమిషాలయింది.

"ఏం చూస్తున్నాడే ఆయన?" అన్నాడు పాల్ రాజు మెల్లగా.

"వైరేమన్నా కాలుతోందేమో."

ఆయన బొమ్మకి ముక్కు ఆనించేంత దగ్గరకెళ్లారు. తర్వాత రెండడుగులు వెనక్కి వేశారు. చుట్టూ పదిమంది చేరారు. నూజివీడులో ఒక బొమ్మ ముందు ఒక మనిషి అంతసేపు నిలబడటం అదే మొదలు కాబట్టి వాళ్లు బొమ్మని కాక ఆయన్ని చూస్తున్నారు.

ఇన్నమ్మ రోడ్డు ఇవతలికి కేకేసింది. "పాల్ రాజూ! రావయ్యా! ఈయన కదలట్లా. నా టెంకలకి దారి లేకుండా పోయింది."

పాల్ రాజు వెళ్లాడు. మోకాళ్లు ఆ రోజు కాస్త తేలిగ్గానే వచ్చాయి.

"ఏవయ్యా," అన్నారు లక్ష్మీనారాయణ గారు, చూపు తిప్పకుండానే. "ఇది చూసి వేశావా, ఊహించి వేశావా?"

పాల్ రాజు గొంతు సవరించుకున్నాడు. ఇన్ని నెలల్లో కళ గురించి అతన్ని ఎవరూ ఇంత లోతైన ప్రశ్న అడగలేదు. "చూసేనండి. ఆరు వారాలు కూర్చుని."

"అట్టాగా. మరి ఈ కుడి చివర మూడో చెట్టుకి పూత పల్చబడిందే. ఆకుల మీద ఈ నలుపేంటి? నువ్వు కావాలని వేశావా?"

"లేదండి, అక్కడ ఉందండి. ఎండ పడితే జిగురు పూసినట్టు మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే నాలుగుసార్లు చెరిపి వేశానండి."

"తేనెమంచు," అన్నారాయన ఎంతో తృప్తిగా. "పురుగు పట్టింది. ఆకుకి మసి కూడా వచ్చేసింది. మందు కొట్టలేదు వాడు. ఎవరిదీ తోట?"

మేఘన పరిగెత్తుకొచ్చింది. "పెదనాన్నా! చూడాల్సింది బొమ్మని, పురుగుని కాదు."

"బొమ్మనే చూస్తున్నానమ్మా. పురుగు బొమ్మలోనే ఉంది."

"అయితే కొనండి మరి."

"తోటా?"

"బొమ్మ, పెదనాన్నా."

లక్ష్మీనారాయణ గారు పాల్ రాజుని మొదటిసారి చూసినట్టు చూశారు. వెనక ఆయన భార్య కమల గారు ముసిముసిగా నవ్వుతున్నారు. "సోమవారం పొద్దున నాతో రా," అన్నారాయన. "ఇది కూడా పట్టుకురా. తోట ఇందులో ఉన్నట్టే ఉంటే ఇదీ తీసుకుంటా. ఇట్టాంటిది కొట్లో గోడకుంటే పనికొస్తుంది."

ఆ రాత్రి ఇంటికెళ్తూ మోపెడ్ మీద గ్లోరీ, "ఆయనకి కావాల్సింది తోటండీ," అంది.

"తెలుసు," అన్నాడు పాల్ రాజు. మలుపు తిరుగుతూ, "కానీ నాలుగుసార్లు చెరిపింది ఆయనకి కనపడిందే," అన్నాడు.

సోమవారం లక్ష్మీనారాయణ గారి కారులో పాల్ రాజు ముందు సీట్లో కూర్చుంటే, బొమ్మ వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంది. బాలశౌరి తోట దగ్గర గేటు తీసి ఎదురొచ్చాడు. పూత చూసే ఆ ఏటి కాపుకి తోటల బేరాలు మాట్లాడుకునే రోజులవి. పెద్ద వర్తకుడు తనంతట తాను రావడం చూసి అతని ముఖం విప్పారింది. ఆ వర్తకుడి వెనక బావ, బావ చంకలో బొమ్మ చూసి కాస్త ముడుచుకుంది.

"అదేంటి బావా, అదెందుకు తెచ్చావు?"

"సాక్ష్యం," అన్నారు లక్ష్మీనారాయణ గారు.

గట్టు మీద, అతను ఆరు వారాలు కూర్చున్న చోటే, పాల్ రాజుని నిలబెట్టి బొమ్మని గుండెల ముందు పట్టుకోమన్నారు. ఎడమ చివర నుంచి మొదలుపెట్టారు. బొమ్మలో చెట్టు చూసి, తోటలో చెట్టు చూసి, "ఒకటి, ఉంది" అన్నారు. "రెండు, ఉంది. మూడు, కొమ్మ విరిగింది. ఇందులోనూ విరిగింది. ఉంది." భూమ్మీద ఏ బొమ్మకీ అంత నిష్ఠగా పరీక్ష జరిగి ఉండదు. పన్నెండో చెట్టు దగ్గర పాల్ రాజు చేతులు లాగడం మొదలైంది, దించలేదు. ఇరవై ఒకటో చెట్టు దగ్గరకి ఆయన నేరుగా నడిచెళ్లి, ఆకు తుంచి, వేలితో రుద్ది, ఆ జిగురు తెచ్చి బాలశౌరికి చూపించారు.

బాలశౌరి బావ వైపు తిరిగాడు. "ఆరు వారాలు నా తోటలో కూర్చుని మజ్జిగ తాగింది ఇందుకా?"

"నాకేం తెలుసురా అది పురుగని! నిగనిగలాడుతుంటే బాగుందనిపించింది."

"బాగుందా! నీ చూపు ఇట్టాంటిదని తెలిస్తే మా అక్కని చూసుకోడానికి వచ్చిన రోజే తలుపేసేవాళ్లం. పక్కన విరగబూసిన చెట్టుంది కదా, దాన్ని వెయ్యొచ్చుగా?"

"వేశానురా. ఇదిగో, ఉంది."

"ఉంది, ఉంది," అన్నారు లక్ష్మీనారాయణ గారు. "నీ బావ అబద్ధం వెయ్యలేదు." అని మళ్లీ బొమ్మ వైపు చూసి, తోట వైపు చూసి, కనుబొమలు దగ్గరకి తెచ్చారు. "ఇదిగో, పాల్ రాజూ. బోరేది?"

పాల్ రాజు బొమ్మని కాస్త కిందకి దించాడు. "తీసేశానండి."

"తీసేశావా?"

"అడ్డంగా ఉందండి. చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతోందండి."

"ఆగక! తోటలో అడుగుపెట్టిన ఏ మనిషి కన్నయినా ముందు ఆగేది బోరు దగ్గరే. నీళ్లు లేని తోట ఎవడు తీసుకుంటాడయ్యా?"

"చూశారా అండీ," అన్నాడు బాలశౌరి. "పురుగుని నాలుగుసార్లు చెరిపి వేశాడంట. బోరుని మాత్రం తీసేశాడంట. పగబట్టాడండీ నా మీద."

తోట బేరం అరగంటలో తేలింది. పురుగు పట్టిన చెట్టు పుణ్యమాని బాలశౌరి అనుకున్నదానికంటే తక్కువకి తేలింది. లక్ష్మీనారాయణ గారు కారెక్కుతూ బొమ్మని ఇంకోసారి చూశారు. అన్యాయం చేసే మనిషి కాదు. "మంచి చెయ్యి నీది. బోరు వెయ్యి. వచ్చే నెల నడకలో తీసుకుంటా," అన్నారు.

రాజులున్న రోజుల నుంచీ కళాకారుడికీ పోషకుడికీ మధ్య ఉన్న చిక్కు ఇలా ఆగిరిపల్లి పొలిమేరల్లో మళ్లీ తలెత్తింది. పూర్వం ఇలాంటి సమయాల్లో కొందరు రాజ్యాలు వదిలి వెళ్లిపోయారని అంటారు. పాల్ రాజు బొమ్మ తెచ్చి ఇంట్లో బియ్యం డబ్బా మీద ఆనించి పెట్టాడు.

"బోరే కదండీ, వెయ్యండి," అంది గ్లోరీ, పిల్లల పేపర్లు దిద్దుతూ.

"నలభై ఏళ్లు అందరూ చెప్పినట్టే రాశానే. కొట్టు పేరు లావు, ఓనరు పేరు ఇంకా లావు, ఫోన్ నంబరు అన్నిటికంటే లావు. ఇదొక్కటీ నాకు తోచినట్టు వేశా."

"అయితే వెయ్యకండి."

"వెయ్యకపోతే ఆయన తీసుకోడు."

"అయితే వెయ్యండి."

"నువ్వేదో ఒకటి చెప్పవే."

"నాకు తెలిసింది చెప్తా, వింటారా? మార్చి అయిపోయాక మీరు సాయంత్రాలు ఆ కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తారు. అది నేను చూడలేను. బోరు వేస్తారో, బావి తవ్వుతారో మీ ఇష్టం."

మూడు వారాలు బొమ్మ బియ్యం డబ్బా మీదే ఉంది. బియ్యం తీసినప్పుడల్లా గ్లోరీ దాన్ని గోడకి తిప్పిపెట్టి, మళ్లీ ఇటు తిప్పేది. పాల్ రాజు పనికి వెళ్తూ ఒకసారి, వచ్చి ఒకసారి చూసేవాడు. పొద్దుటి పూట వెయ్యకూడదనిపించేది. సాయంత్రం, ఒళ్లు నొప్పులతో, వేస్తే ఏమవుతుందనిపించేది. ఒక ట్రక్కు వెనక "లేయా, షాలోమి" అని రాసి దిగుతున్నప్పుడు నిచ్చెన మెట్టు తప్పి, ఓ రోజంతా మడమ పట్టుకుని కూర్చున్నాడు. కూర్చుని, బొమ్మలో బోరు ఉండాల్సిన ఆ ఖాళీ జాగానే చూశాడు. చెట్ల ముందు అంత మట్టి, దాని మీద ఎండ. అతనికి ఆ బొమ్మలో అన్నిటికంటే నచ్చిందదే. దాని గురించి ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.

నడకకి ముందు శుక్రవారం సాయంత్రం, ఎవరితోనూ చెప్పకుండా, ఆకుపచ్చ డబ్బా మూత తీశాడు.

చెయ్యి తడబడుతుందనుకున్నాడు. తడబడలేదు. మనసు నొచ్చుకుంటుందనుకున్నాడు. దానికి అంత తీరిక దొరకలేదు. బోరు గొట్టం, దాని మీద తుప్పు, షెడ్డు రేకులు, తలుపు మీద స్టార్టరు బాక్సు, దాన్నించి స్తంభానికి వైరు, అన్నీ గీత తప్పకుండా వచ్చేశాయి. చిన్న బ్రష్షుతో రేకు మీద మోటారు హార్స్ పవర్ అంకె కూడా వేశాడు. ముప్పావుగంట పట్టింది. బొమ్మలో అంత చక్కగా కుదిరింది మరొకటి లేదని అతనికే కనిపించింది. ఆరు ఆదివారాల పనికి రాని అలసట ఆ ముప్పావుగంటకి వచ్చింది. బ్రష్షు కిరసనాయిల్లో పడేసి, కాళ్లు చాపుకుని గోడకి చేరగిలబడ్డాడు.

గ్లోరీ వచ్చి చూసింది. టీ పెట్టి తెచ్చింది.

మార్చి నడకకి జనం ఎక్కువే వచ్చారు. తోట బొమ్మ సంగతి ఊరంతా పాకింది. పురుగు పట్టుకున్న బొమ్మ అని దానికి పేరొచ్చింది. లక్ష్మీనారాయణ గారు కమల గారితో కలిసి, ఉతికిన పంచెలో వచ్చారు. బొమ్మ ముందు నిలబడి, ఎడమ నుంచి కుడికి ఒకసారి చూసి, మధ్యలో ఆగి, "ఆఁ," అన్నారు. "ఇప్పుడు తోట."

మేఘన కళ్లలో నీళ్లు తిరిగాయి. పర్సులోంచి ఎర్ర స్టిక్కర్ల షీటు తీసింది. రెండేళ్లుగా పర్సులో ఉండి ఉండి జిగురంతా ఎండిపోయింది. ఒకటి తీస్తే అంటలేదు. ఇంకోటి తీస్తే రాలిపోయింది. మూడోదాన్ని ఉమ్మితో అంటించబోతుంటే కమల గారు, "ఉండవే," అని తన చేతిసంచీలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసి, ఎర్రటి పెద్ద బిళ్ల ఒకటి తుంచి ఇచ్చారు. మేఘన దాన్ని ఫ్రేము మూలన గట్టిగా అద్దింది. హీరోల ముఖాలు పెన్సిలుతో వేసే హర్ష అనే ఇంజనీరింగు కుర్రాడు చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ కొట్టారు. పానీపూరీ బండతను గరిటెతో బండి మీద కొట్టాడు.

"ఈ ఊరి కళాచరిత్రలో ఇవాళ మరచిపోలేని రోజు," అంది మేఘన మైకులో. "మన ఊరి బొమ్మని, మన ఊరి మనిషి, మన ఊళ్లో ఉంచుకోడానికి తీసుకున్నారు. పాల్ రాజు అంకుల్ రెండు మాటలు మాట్లాడతారు."

పాల్ రాజు మైకు పట్టుకుని, "అందరికీ వందనాలండి," అని తిరిగి ఇచ్చేశాడు. మొదటి మాట, రెండో మాట కూడా అదే.

"ఇంక మానరన్నమాట," అంది గ్లోరీ, తిరిగి వెళ్తున్నప్పుడు. మోపెడ్ వెనక ఈసారి ఏమీ కట్టలేదు.

"ఎట్టా మానేది? తీసుకున్నారుగా," అన్నాడు పాల్ రాజు. గొంతులో సంతోషమే ఉంది. దాని అడుగున, వచ్చే జులై నుంచి మళ్లీ నెలనెలా మోయాలన్న సంగతీ ఉంది.

బొమ్మ సోమవారం పొద్దున కమిషన్ కొట్లో, లక్ష్మీనారాయణ గారి కుర్చీ వెనక గోడకి ఎక్కింది. ఆ వారం పాల్ రాజు పని కల్పించుకుని రెండుసార్లు కొట్లోకి వెళ్లి, ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. రైతులు వచ్చారు, వర్తకులు వచ్చారు. వచ్చినవాళ్లలో తొమ్మిది మంది బొమ్మ ముందు ఆగారు. తొమ్మిది మందీ బోరు ఎన్ని అడుగులని అడిగారు.